నవ్వు కోసం వదిలిన ఖాళీ

ఎనిమిదేళ్ళుగా ఒక మనిషి గొంతును నా జేబులో దాచుకుని తిరుగుతున్నాను. ఈ మధ్యలో మూడు ఫోన్లు మార్చాను. మార్చినప్పుడల్లా ఏదో ఒకటి పోయేది. నంబర్లు పోయాయి, ఫొటోలు పోయాయి, మా పెద్దక్క కూతురి పెళ్ళి వీడియో మొత్తం పోయింది. అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఆ గొంతును మాత్రం పోనివ్వలేదు. రెండు నిమిషాలు కూడా లేని ముక్క. పోయిన నెల దాకా ఎవరికీ వినిపించలేదు. పారేయనూ లేదు. నేను మోసినవాటిలో అంత బరువైనది ఇంకొకటి లేదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడక్కండి. నేను మిమిక్రీ చేస్తాను. విజయవాడలోనూ చుట్టుపక్కలా పెళ్ళిళ్ళకి, కాలేజీ ఫంక్షన్లకి ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాను. సినిమా హీరోలు, రైల్వే స్టేషన్లో అనౌన్సరమ్మ, ప్రెషర్ కుక్కర్, కృష్ణలో మొదటి మునక వేసిన ఆసామి చలికి పెట్టే కేక, ఏది కావాలన్నా తెస్తాను. గొప్పలు చెప్పుకుంటున్నాడు అనుకుంటారేమో. చెప్పుకుంటున్నాను. ఏం చేయను? నా గొప్పా నా తప్పూ ఒకే చోట ఉన్నాయి. ఒకటి దాచి రెండోది చెప్పడం నాకు చేతకాదు.

ఆ గొంతు పెద్దిరాజు అన్నయ్యది. పేరు మార్చాను, మనిషిని మార్చలేదు. తోడబుట్టినవాడు కాదు గాని, స్టేజీ మీద నాకు మైకు పట్టుకోవడం నేర్పినవాడు. కొల్లేటి ఒడ్డున ఒక ఊరు ఆయనది. వాళ్ళమ్మ కైకలూరు మార్కెట్లో చేపలు అమ్మేది. ఆయన హాస్యం నా హాస్యంలాంటిది కాదు. నేను ముప్పై గొంతులు అరగదీసి తెచ్చే నవ్వును ఆయన నోరు మూసుకుని తెచ్చేవాడు.

ఒకసారి ఒక కోచింగ్ కాలేజీలో చూశాను. ఎవరు ఎక్కినా ఈలలు వేసి దింపేసే కుర్రాళ్ళు. అన్నయ్య వెళ్ళి మైకు సరిచేసుకున్నాడు. వాళ్ళవైపు చూశాడు. ఏమీ అనలేదు. ఈలలు వేశారు. చూస్తూనే ఉన్నాడు. ఈలలు తగ్గాయి. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు వరస వరసా పాకి హాలంతా నవ్వు. ఆ నవ్వు చల్లారాక, "భోజనాలు పెడుతున్నారంట, మరి నేనొస్తానండీ" అని దిగిపోబోయాడు. పిల్లలు బెంచీలు విరగ్గొట్టినంత పని చేశారు. పక్కన నిలబడి చూస్తున్న నాకు ఒళ్ళు పులకరించింది. దాంతోపాటు ఇంకోటి కూడా కలిగింది. దాని పేరు అప్పుడు ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అసూయ.

ఎక్కడ నేర్చావన్నయ్యా అని అడిగితే వాళ్ళమ్మ సంగతి చెప్పేవాడు. ఎవరైనా చేపకి మరీ తక్కువ అడిగితే ఆవిడ కాదనేది కాదు, తిట్టేది కాదు. ఊరికే చూసేది. ఆ చూపుకి తట్టుకోలేక అడిగినవాళ్ళే పెంచేవాళ్ళు. పెంచినా చూసేది. ఇంకా పెంచేవాళ్ళు. చిన్నప్పుడు తట్ట పక్కన కూర్చుని ఆయన అదే చూశాడట, రోజూ.

ఇక ఆల్బం సంగతి. ఆ సంవత్సరం కాలేజీలవాళ్ళు మమ్మల్ని పిలవడం తగ్గించారు. పిల్లలంతా చెవుల్లో ర్యాప్ పెట్టుకుని తిరుగుతున్నారు. "మిమిక్రీ అంటే మా నాన్నగారి టైమండీ" అని ఒక కుర్రాడు నా మొహం మీదే అన్నాడు, అండీ మాత్రం మానకుండా. నాకు మండింది. మేమే ర్యాప్ చేస్తే ఏం అన్నాను. మేమంటే ముగ్గురం. నేను, అన్నయ్య, భారతి. భారతి కొండపల్లి నుంచి రైల్లో వచ్చేది. పొద్దున పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్పి, సాయంత్రం స్టేజీ మీద గయ్యాళి అత్త వేషం కట్టేది. అన్నయ్య కొంచెం ఆలోచించి, ఆయాసం లేకుండా తిట్టడమేగా, మా రేవులో అందరికీ వచ్చు అన్నాడు.

ఆరు పాటలు. పేరు 'నలభై ఆరు డిగ్రీలు'. బెజవాడ ఎండలో పుట్టినదానికి ఇంకేం పేరు పెడతాం? షేర్ ఆటోలో నలుగురి చోట ఏడుగురు ఎక్కడం మీద ఒక పాట, హాస్టల్ సాంబారులో ములక్కాడ కోసం గాలించడం మీద ఒకటి, పెళ్ళి బఫేలో ప్లేటు పట్టుకుని చుట్టాన్ని తప్పించుకోవడం మీద ఒకటి. తెలుగునాట నడివయసు దాటిన హాస్యగాళ్ళు చేసిన మొదటి ర్యాప్ ఆల్బం మాదేనని ఎక్కడైనా వాదిస్తాను. కాదని ఎవరైనా రుజువు చూపిస్తే చూడను.

గవర్నర్‌పేటలో ఒక పాత లాడ్జి మూడో అంతస్తు గదిలో రికార్డింగ్. గోడలకి పరుపులు కొట్టి స్టూడియో అన్నారు. మైకు నడుస్తున్నంతసేపూ ఫ్యాను కట్టేయాలి. మే నెల. నెత్తిన తడి తువ్వాళ్ళు వేసుకుని, బనియన్ల మీద నిలబడి పాడాం. భారతి మాత్రం పాపం చీర కొంగు నడుముకి దోపి, మంచినీళ్ళ సీసా వదలకుండా పాడింది.

మొదటి రోజే ఒక తప్పు దొర్లింది. అది మాలాంటివాళ్ళకి తప్ప ఇంకెవరికీ దొర్లదు. ప్రతి చమత్కారం తర్వాత ముగ్గురమూ ఆగిపోతున్నాం. స్టేజీ అలవాటు. నవ్వుకి ఖాళీ వదలాలి, లేకపోతే తర్వాతి మాట ఆ నవ్వులో కొట్టుకుపోతుంది. మా పనిలో మొదటి పాఠం ఇదే. కానీ ఆ గదిలో నవ్వడానికి ఎవరున్నారు? పరుపులు. మేం పరుపులు నవ్వుతాయని ఆగుతున్నాం, బీటేమో చెయ్యెత్తినా ఆగని సిటీ బస్సులా మమ్మల్ని వదిలేసి పోతోంది. రికార్డింగ్ చూసే కిరణ్ అనే కుర్రాడు చాలాసేపు ఓర్చుకుని, సార్, ఎవరికోసం ఆగుతున్నారు అని అడిగాడు. అప్పుడు నవ్వాం, ఆ రోజుకి అదే మొదటి నవ్వు.

భారతికి ఆ అలవాటు ఒక్క రోజులో పోయింది. ఎక్కాలు చెప్పించే మనిషికి దరువు కొత్తేమీ కాదు. నాకు రెండు రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే నేను ర్యాప్ నేర్చుకోలేదు. ర్యాప్ పాడేవాణ్ణి మిమిక్రీ చేశాను.

అన్నయ్యకి పోలేదు.

ఆయన పాట 'బేరం'. వాళ్ళమ్మ మీద ఆయనే రాసుకున్నాడు. చరణం ఇది:

తడిగుడ్డ తీసింది మా అమ్మ, తలెత్తి చూసింది కొరమీను
కళ్ళద్దాల బాబొచ్చి వంగాడు, మొప్పెత్తి చూశాడు వేలితోను
సగానికిస్తావా అన్నాడు.
ముప్పావుకిస్తావా అన్నాడు.
సర్లే, నువ్వన్నదే అన్నాడు.
సంచీ తెచ్చావా నాయనా అంది.

ఆ మూడు అన్నాడుల తర్వాతా ఖాళీ. అక్కడ వాళ్ళమ్మ చూస్తోంది. బీటు ప్రకారం అక్కడ నాలుగు దెబ్బలు ఆగితే సరిపోతుంది. అన్నయ్య ఒకసారి నాలుగు ఆగేవాడు, ఒకసారి ఆరు, ఒకసారి ఐదున్నర. లెక్క పెట్టుకో అన్నయ్యా అంటే, అమ్మ లెక్క పెట్టి చూసేదా అనేవాడు. నాలుగు రోజులు అదే వరస. మధ్యలో అలసిపోయి కూర్చున్నప్పుడు తట్టలోంచి ఒక్కొక్కటే తీసి పెడుతున్నట్టు నెమ్మదిగా చేపల పేర్లు వల్లించేవాడు. కొరమీను. వాలుగ. జెల్ల. ఇంగిలాయి. వింటుంటే ఆ ఉక్కలో కూడా కాస్త చల్లగా అనిపించేది.

నాలుగో రోజు మధ్యాహ్నం ఒక టేకు చేసి, ఇది చాల్రా, ఇంతకన్నా నాకు రాదు అని తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కృష్ణలంకలో ఇంటికి వెళ్ళిపోయాడు. భారతి రైలుకి వెళ్ళిపోయింది. నేను విన్నాను. కుంటింది. బీటు ఒక దారి, ఆయన ఒక దారి. మళ్ళీ విన్నాను. ఇంకా కుంటింది.

కిరణ్‌తో ఒక అబద్ధం చెప్పాను. ఈ చరణం నన్ను పాడేయమని, సంగతి ఎవరితోనూ అనొద్దని అన్నయ్యే చెప్పి వెళ్ళాడన్నాను. పాపం నమ్మాడు.

ఆ తర్వాత చేసింది నా జీవితంలో నేను చేసిన అన్నిటికన్నా గొప్ప మిమిక్రీ. తప్పు ఒప్పుకుంటూ కూడా ఈ మాట దిగమింగలేకపోతున్నాను. అన్నయ్యకి ఎడమవైపు పైపన్ను ఒకటి లేదు. స అన్నప్పుడల్లా అక్కడ కాస్త గాలి జారుతుంది. నాలుక ఓ పక్కకి మడిచి ఆ గాలి తెచ్చాను. వాక్యం మొదలుపెట్టే ముందు ముక్కుతో చిన్నగా ఎగపీలుస్తాడు. అదీ తెచ్చాను. గొంతులో చుట్ట జీర, అమ్మ అన్నప్పుడు మాత్రం ఆ జీర తగ్గడం, అన్నీ తెచ్చాను. ఆ మూడు ఖాళీల్లోనూ ఆగలేదు. ఆయన నెమ్మదిగా వల్లించే ఆ చేపల పేర్లనే, కొరమీను వాలుగ జెల్ల ఇంగిలాయి మట్టగిడస బొమ్మిడాయి బొచ్చె శీలావతి అని, ఆయన గొంతులోనే, ఒక్క ఊపిరిలో, తలంబ్రాలు దోసిళ్ళతో కుమ్మరించినట్టు కుమ్మరించాను. ఒకే టేకు. కిరణ్ చెవుల మీది హెడ్‌ఫోన్లు తీసి, సార్, పెద్దిరాజు గారు వెనక్కి వచ్చారేమో అని తలుపు వైపు చూశానండీ అన్నాడు.

కిందకి దిగి గోలీసోడా తాగాను. ఎంత చల్లగా దిగిందో ఇప్పటికీ గుర్తే. తప్పు చేశానన్న దిగులు ఒక్క గుటకలోనూ తగల్లేదు.

ఎందుకు చేశాను? ఆల్బం పాడవకూడదని అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. అన్నయ్యని చూసి కుర్రాళ్ళు నవ్వకూడదని అని కొన్నేళ్ళు చెప్పుకున్నాను. రెండూ కొంత నిజమే కావచ్చు. కానీ ఆ మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకున్నప్పుడు నా మనసులో ఆల్బం ఉందా, అన్నయ్య ఉన్నాడా, లేక ఈ మనిషి గొంతు కూడా నాకు వస్తుందని, ఈయనకి రానిది ఈయన గొంతులోనే నేను చేసి చూపిస్తానని ఒక పంతం ఉందా? చూపించడానికి ఎవరికి? ఆ గదిలో మళ్ళీ పరుపులేగా ఉన్నది.

పది రోజుల తర్వాత, పాట తయారయ్యాక, నా ఫోన్లో పట్టుకుని కృష్ణలంక వెళ్ళాను. అన్నయ్య వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. పెట్టాను. ముందుకి వంగి విన్నాడు. అయిపోయాక తలెత్తాడు.

"ఇది నేనేనంట్రా?"

"నువ్వు కాకపోతే ఎవరన్నయ్యా?"

"ఆ చేపల పేర్లు అంత జోరుగా నేనెప్పుడన్నానూ?"

"మధ్య మధ్యలో వల్లించేవాడివిగా, అవే. కంప్యూటర్లో అతికించి జోరు పెంచాం."

"గొంతు కూడా పడుచుగా ఉందిరా. పెళ్ళినాటి గొంతు."

"నీ గొంతేగా అన్నయ్యా."

ఆయన నా ఫోనుకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు. కళ్ళనిండా నీళ్ళు. ఇంట్లోకి చూసి కూతుర్ని కేకేశాడు, ఒసే దుర్గా, రావే, మీ నాన్న ఎట్టా పాడాడో విను అని. దుర్గ వచ్చింది. మళ్ళీ పెట్టాను. ఆ నిమిషంలో చెప్పేసి ఉంటే సరిపోయేది. నవ్వేసేవాడు, ఓ రెండు తిట్లు తిట్టేవాడు, అక్కడితో పోయేది. ఆయన మొహంలో వెలుగు చూసి నోరు పెగల్లేదు. ఆ వెలుగు నేను తెప్పించిందేనన్న గర్వం కూడా నోరు నొక్కేసింది.

ఆల్బంలో ఐదు పాటలు ఎవరికీ గుర్తు లేవు. 'బేరం' మాత్రం ఊరంతా తిరిగింది. ఆటోల్లో మోగింది. పెళ్ళి ఊరేగింపుల్లో బ్యాండు మేళం వాయించింది. పిల్లలు చేపల పేర్లు ఒక్క ఊపిరిలో ఎవరు చెబుతారో అని పందేలు వేసుకున్నారు. మమ్మల్ని పిలవడం మానేసిన కాలేజీలు అన్నయ్యని పిలిచాయి. రికార్డు వెనక మోగుతుంటే ఆయన ముందు నిలబడి పెదాలు ఆడించేవాడు. నా మొహం మీద మిమిక్రీని తీసిపారేసిన ఆ కుర్రాడు, అవునండీ, వాడే, అన్నయ్యని భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు. పక్కన నిలబడి చప్పట్లు కొడుతూ ఉబ్బిపోయాను. చూడండ్రా మా అన్నయ్యని అని ఒక గర్వం. ఆ గొంతు నాదిరా వెధవల్లారా అని దాని కింద ఇంకో గర్వం. రెండోదాన్ని పళ్ళ బిగువున ఆపుకునేవాణ్ణి.

ఒక్క మనిషి దగ్గర మాత్రం నా ఆటలు సాగలేదు. పాట అమ్మకి వినిపిద్దాం పదరా అని అన్నయ్య నన్ను వాళ్ళ ఊరు తీసుకెళ్ళాడు. ఆవిడ అప్పటికి మంచాన పడింది. ఫోను చెవి దగ్గర పెట్టాడు. ఆసాంతం విని, "నేనెప్పుడన్నా ఇంత వాగానంట్రా?" అంది. అన్నయ్య పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. నాది స్టేజీ నవ్వు. ఆవిడ నవ్వలేదు. నా వైపు చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను. మంచినీళ్ళు తెస్తానని లేచి బయటికి వచ్చేశాను. ఆ తర్వాత ఏడాది తిరక్కుండానే ఆవిడ పోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. అన్నయ్య ఇంట్లో సాధన మొదలుపెట్టాడు. రికార్డులో చేసింది నోటితో చేయలేకపోతే ఎట్టారా, జనాన్ని మోసం చేసినట్టు కాదూ అనేవాడు. ఈ మాట ఆయన నాతో అన్నాడు. రోజూ పొద్దున చేపల పేర్లు గట్టిగా, వేగంగా, ఊపిరి బిగబట్టి. ఏడాదికల్లా దాదాపు వచ్చేసింది. అంత వయసులో వచ్చేసింది, చూడండి మరి. ఆ తర్వాత ఒక పెళ్ళిలో ఆయన ప్రోగ్రాం చూశాను. మైకు దగ్గరికి వచ్చాడు. ఇప్పుడు ఆగుతాడు అని కుర్చీలో ముందుకి జరిగాను. ఆయన రావడం రావడమే మొదలుపెట్టేశాడు. జోరుగా, ఖాళీ లేకుండా, ముక్కు ఎగపీల్పుతో సహా, ఆ రికార్డులో ఉన్నట్టే. ఆయన్ని నేను చేశాను. నేను చేసిన ఆయన్ని ఆయన చేస్తున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను మాత్రం పెళ్ళిభోజనం చేయకుండానే వచ్చేశాను.

నాలుగేళ్ళ క్రితం ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. అరిచి అరిచి సాధన చేస్తే అలాంటిది వస్తుందా అని డాక్టరు గారిని అడిగాను, ఎవరి గురించో అడిగినట్టు. అలా ఏం రాదండీ, చుట్టలు కాలుస్తాడుగా అన్నారు. నమ్మాను. ఇంకో డాక్టరుని కూడా అడిగాను.

ఇప్పుడాయన పలక మీద రాసి మాట్లాడతాడు. దుర్గ కూతురు హాసినికి ఆరేళ్ళు. తాతకి గొంతు పోయేనాటికి దానికి రెండేళ్ళు. తాత మాట ఎలా ఉండేదో దానికి గుర్తు లేదు. దానికి తెలిసిన తాత గొంతు ఆ పాటలోది. ఇంటికి ఎవరొచ్చినా పాట పెట్టి, మా తాతయ్య అని చూపిస్తుంది. ఆయన గుండె మీద చెయ్యేసుకుని తల ఊపుతాడు. అది చూసినప్పుడల్లా అనుకునేవాణ్ణి, ఆ పిల్లకి తాత గొంతు లేకుండా చేసినవాడు డాక్టరు కాదు, నేను.

ఆ రోజు ఆయన చేసిన టేకు, ఆ కుంటినది, నా ఫోన్లోకి ఎక్కించుకుని పారేయకుండా ఎందుకు ఉంచానో ఇంకా చెప్పలేదు కదూ? చెబుతాను. ప్రేమతో కాదు. పోల్చుకోవడానికి. మొదట్లో తలుపు వేసుకుని ఆయనది ఒకసారి, నాది ఒకసారి పెట్టుకుని వినేవాణ్ణి. ఎంత అచ్చుగుద్దినట్టు చేశానో చూసుకుని మురిసిపోయేవాణ్ణి. ఏ ఏడు మారిందో తెలియదు గాని, వినగా వినగా నాది చప్పబడింది. ఆయనది పెరిగింది. బీటు తప్పి, ఎండలో అలసి, వాళ్ళమ్మ చూపంత పొడుగు ఖాళీలు వదిలిన ఆ మనిషి నన్ను ఒంటరిగా కూర్చుని నవ్వేలా చేశాడు. కుంటింది బీటు. ఆయన కాదు. నవ్వు వినిపించని గదిలో నిలబడి, లేని నవ్వుకి ఆయన చోటు వదిలాడు, నేను ఆ చోటు ఆక్రమించేశాను.

పోయిన నెల ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. అన్నయ్య లోపల నిద్రపోతున్నాడు. హాసిని వాళ్ళ బళ్ళో తాతయ్యల, అమ్మమ్మల రోజట. పాట పెడుతుందట, తాతయ్య పెదాలు ఆడిస్తాడట. చిన్న తాతయ్యా, పాట మా మేడం ఫోనుకి పంపవా అని నా ఒళ్ళో కూర్చుంది. పంపబోయాను. ఆగిపోయాను. ఇంకోటి ఉందమ్మా, వింటావా అన్నాను. నా నోటినుంచి ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి దాన్ని ఇంకొకరి ముందు మోగించాను.

ఇది తాతయ్య కాదు అంది వెంటనే. సగానికిస్తావా అన్నాడు. ఖాళీ. ఆగిపోయింది అని ఫోను అందుకోబోయింది. ఆగలేదు, ఉండు అన్నాను. ముప్పావుకిస్తావా అన్నాడు. ఖాళీ. నా మొహంలోకి చూసింది. దాని పెదాల చివర ఏదో కదిలింది. సర్లే, నువ్వన్నదే అన్నాడు. ఈసారి ఖాళీ ఇంకా పొడుగు. సంచీ తెచ్చావా నాయనా అనకముందే, ఆ ఖాళీలోనే, పిల్ల కిలకిలమని నవ్వేసింది. సరిగ్గా ఆయన దేనికోసం ఆగాడో అక్కడ.

నవ్వు విని తల తిప్పాను. గుమ్మంలో అన్నయ్య నిలబడి ఉన్నాడు. మెడకి కట్టిన తెల్లగుడ్డ మీద చెయ్యి ఉంది. ఎప్పుడు లేచాడో, ఎక్కణ్ణుంచి విన్నాడో తెలియదు.

పిల్లని ఒళ్ళోంచి దింపి, ఫోను దాని చేతిలో పెట్టి లేచి నిలబడ్డాను. అన్నయ్యా, అప్పుడు బీటు కాస్త కుదరకపోతే నేను కొంచెం సర్దాను అన్నాను.

ఆయన చూశాడు.

కొంచెం కాదు, చరణమంతా నేనే పాడాను, నిన్ను చూసి ఎవరూ నవ్వకూడదని అన్నాను.

చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు నేను ఇంతకుముందు ఒక మంచం మీద చూశాను. అప్పుడు మంచినీళ్ళ వంక పెట్టి తప్పించుకున్నాను. ఈసారి అక్కడే నిలబడ్డాను.

నీ కోసం కాదన్నయ్యా అన్నాను. నువ్వు నోరు మూసుకుని తెచ్చే నవ్వు నాకు ఈ జన్మకి రాదని తెలిసి, నీకు రానిది నీ గొంతులోనే చేసి చూపించాలని చేశాను. నీ అసలుది దాచుకున్నాను. నువ్వు అడిగిన రోజు నీ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాను.

ఇక పెంచడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు.

పలక మంచం మీదే ఉంది. బలపం దాని పక్కనే ఉంది. ఆయన తీసుకోలేదు. వచ్చి హాసిని పక్కన కూర్చున్నాడు. పిల్ల చేతిలోంచి నా ఫోను తీసుకుని తన గొంతు తనే మళ్ళీ పెట్టుకున్నాడు. తల వంచుకుని విన్నాడు. ఖాళీ వచ్చినప్పుడల్లా చూపుడువేలు గాల్లో లేపి, ఆపి, దించాడు. ఎనిమిదేళ్ళ తర్వాత కూడా ఒక్కసారీ ముందు దించలేదు, వెనక దించలేదు. నేను చెప్పులేసుకుని వచ్చేశాను.

బళ్ళో ఏ పాట పెట్టారో నేను అడగలేదు. ఆ తర్వాత కూడా ఆదివారాలు వెళుతూనే ఉన్నాను. మజ్జిగ ఇస్తాడు. వాన గురించి, క్రికెట్ గురించి పలక మీద రాస్తాడు. ఆ సంగతి మాత్రం రాయడు. క్షమించాడా? తెలియదు. క్షమించడేమో. అడిగే హక్కు నాకు లేదు. కానీ ఒకటి చెబుతాను, నమ్మండి. నేను చంపేశాననుకున్న ఆ ఆగడం చావలేదు. మనిషి ఇంకా ఆగగలడు. నా ముప్పై ఏళ్ళ స్టేజీలో ఇంత పొడుగు ఆగడం చూడలేదు, దాని ఎదుట కూర్చున్న ప్రేక్షకుణ్ణి నేనొక్కణ్ణే. తప్పు చేసినవాణ్ణి అయి కూడా, ఆ మనిషికి తమ్ముణ్ణి అనిపించుకున్నందుకు ఛాతీ పొంగుతోంది.

ఆ పాట మీ ఫోన్లో కూడా ఉండొచ్చు. మీ వీధిలో ఏ పెళ్ళికో మోగొచ్చు. కొరమీను, వాలుగ, జెల్ల అని ఒక్క ఊపిరిలో వచ్చినప్పుడు చెవి పెట్టి వినండి. అచ్చం ఆయనే అనిపిస్తుంది. అంత బాగా చేశాను, చేయకూడని పని. అది పెద్దిరాజు గొంతు కాదు. నాది.